తూకం వేసిన పూట

మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి బయటికి వచ్చేసరికి సరిసమానమ్మ మేడ మెట్లు దిగి కింద దుకాణంలో హాజరు కావాల్సిందే. మోకాళ్ళు మొరాయించినా, బయట వాన కుండపోతగా కురుస్తున్నా ఆ పని మాత్రం మానదు. కూతురు కాల్చిన రొట్టెల వాసన ముక్కుకు తగిలితే తప్ప ఆవిడకు తెల్లారినట్టుండదు.

సరిసమానమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. నర్సుల హాస్టల్లో వంటశాల అజమాయిషీ చేసి రిటైరయింది. గరిటె ఆవిడ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఒక పళ్ళెంలో ఎక్కువ, ఒక పళ్ళెంలో తక్కువ అన్న మాటే లేదు. వార్డెను వచ్చి నిలబడినా అంతే, నిన్న చేరిన పిల్ల వచ్చి నిలబడినా అంతే. ఆ అల్లరి పిల్లల్లో ఎవరో ఒకతె పెట్టిన పేరది. ఉద్యోగం అయిపోయింది గానీ పేరు మాత్రం వెంటే వచ్చి ఈ వీధిలో కాపురం పెట్టింది. ఎదురుపడి ఎవరూ పిలవరు. వెనకాల అంటారని ఆవిడకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతుంది కూడా.

ఆ పొద్దున దుకాణంలో రిటైరయిన బస్సు కండక్టరు నిలబడి బన్నును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఆయన రోజూ కొనేది ఒక్క బన్ను, చేసే వ్యాఖ్యానం మాత్రం బస్సెడు.

"అమ్మాయ్ బుల్లీ! పోయినేడు ఈ బన్ను నా పిడికిలంత ఉండేది. ఇప్పుడు పళ్ళ సందున ఇరుక్కుంటోంది. వచ్చే ఏడాదికి దీన్ని చొక్కాకు గుండీగా కుట్టుకోవచ్చేమో!"

"కుట్టుకోండి బాబాయ్. గుండీల ధర కూడా పెరిగిందిట, మీకే కలిసొస్తుంది" అంది బుల్లి, ట్రేలు సర్దుతూనే.

అందరూ నవ్వారు. బుల్లి కూడా నవ్వింది గానీ, వాళ్ళు వెళ్ళాక బన్నును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసుకుంది. నలభై దాటినా ఆమె ఇంట్లో ఇంకా బుల్లే. పిండి ధర పెరిగింది, వెన్న ధర పెరిగింది, గ్యాసు ధర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకసారి ధైర్యం చేసి బన్ను ధర పెంచితే సగంమంది పక్క వీధికి వెళ్ళిపోయారు. చేసేదిలేక ధర మళ్ళీ దించి, బన్నును చిన్నది చేసింది. ఆ తర్వాత ఇంకాస్త చిన్నది. మొగుడు పిండి పిసికేటప్పుడు ఉండలు పెద్దవి చేస్తున్నాడని రోజూ పోరు. ఆయన ఏమీ అనడు. మాట ధర కూడా పెరిగిందేమో అన్నట్టు పొదుపుగా వాడతాడు ఆ మనిషి.

సరిసమానమ్మ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుందో లేదో, పైనుంచి కొడుకు దిగాడు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. రోజూ స్కూటరు తీసే ముందు ఒక బన్ను లాక్కుని, చెల్లెలి నెత్తిన ఒక మొట్టికాయ వేసి వెళ్ళడం అలవాటు. ఇవాళ బన్నూ తీసుకోలేదు, మొట్టికాయా వేయలేదు. స్కూటరు తాళాలు చేతిలో తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"బుల్లీ, ఆ ఫోన్ల షోరూం వాళ్ళు మళ్ళీ వచ్చారు."

"ఊ."

"ఈ కింది భాగానికి మూడింతల అద్దె ఇస్తామంటున్నారు. వచ్చే నెలాఖరుకి ఖాళీ కావాలిట." గొంతు సవరించుకున్నాడు. "నువ్వు అంత ఇవ్వగలనంటే నువ్వే ఉండు. నాకేం అభ్యంతరం లేదు."

పిండి పిసుకుతున్న అల్లుడి చేతులు ఆగిపోయాయి. బుల్లి మాత్రం ట్రే కింద పెట్టి, చేతులు ఏప్రానుకు తుడుచుకుంది.

"మూడింతలా? అన్నయ్యా, ఇప్పుడిచ్చేదే నా పీకల మీదికి వస్తోంది."

"మరి నన్నేం చెయ్యమంటావ్? మా పాపని కాలేజీలో వెయ్యాలి. మేడకు చేసిన అప్పు అలాగే ఉంది. నా జీతం నీకు తెలియంది కాదు" అని గబగబా చెప్పేసి, సమాధానం కోసం ఆగకుండా స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

సరిసమానమ్మ చేతిలోని రొట్టె పక్కన పెట్టేసింది. ఆ దుకాణం వెనకాల గదే కూతురి ఇల్లు. దుకాణం పోతే కూడూ గూడూ రెండూ ఒకేసారి పోయినట్టే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు సరిసమానమ్మ ఇంట్లో ఒక చట్టం పెట్టింది. ఏ పండైనా, ఏ మిఠాయైనా ఒకరు కోయాలి, ఇంకొకరు ముందు తీసుకోవాలి. కోసేవాడు ఒక ముక్క పెద్దది కోశాడో, ఎదుటివాళ్ళు అదే ఎగరేసుకుపోతారు. కాబట్టి పిల్లాడు చచ్చినట్టు సమానంగా కోసేవాడు. ఒకసారి కేకును కోయడానికి బడి సంచిలోంచి స్కేలు తీసి కొలిచాడు కూడా. ఆ ఇంట్లో "నీకెక్కువ, నాకు తక్కువ" అన్న గొడవ ఎవరూ వినలేదు.

భర్త పోయాక ఆస్తి పంపకానికీ ఆవిడ ఆ చట్టాన్నే వాడింది. పెద్దవాడు కాబట్టి కోసే పని కొడుక్కి అప్పజెప్పింది. అతను మనిషిని పిలిచి ఇంటికి ధర కట్టించాడు. తండ్రి వదిలివెళ్ళిన డబ్బు బ్యాంకులో సరిగ్గా అంతే ఉంది. ఇల్లు ఒక భాగం, డబ్బు ఒక భాగం. "నీ ఇష్టం బుల్లీ, ఏది కావాలో తీసుకో" అన్నాడు. అప్పుడది ఒంటి అంతస్తు ఇల్లు, వానొస్తే గదికో గిన్నె పెట్టాలి. "ఈ కారే కొంప నాకెందుకు బాబూ" అని నవ్వుతూ డబ్బు తీసుకుంది బుల్లి. పాపం, పెద్దాడికి చిల్లుల ఇల్లు అంటగట్టారని చుట్టాలు అతని మీదే జాలిపడ్డారు. పంపకమంటే ఇలా ఉండాలని సరిసమానమ్మను నలుగురూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.

అది జరిగి పదిహేనేళ్ళు దాటింది. ఇంటిముందు సన్న వీధి పెద్ద రోడ్డయింది, రోడ్డు బజారయింది. కొడుకు అప్పు చేసి పైన మేడ వేసుకుని, కింది భాగం చెల్లెలికే అద్దెకిచ్చాడు. ఏటా అద్దె కాస్త కాస్త పెంచుకుంటూ వచ్చాడు. అందరూ పెంచుతున్నారు, తనూ పెంచాడు. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం సరిసమానమ్మ అందరినీ పైన హాల్లో కూర్చోబెట్టింది. కోడలు ముందే సిద్ధంగా ఉన్నట్టుంది, చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆమె మాట సూదిలాంటిది, ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చుతుంది.

"అత్తయ్యా, ముందే చెప్తున్నా. పాప కాలేజీ ఫీజు ఎంతో విన్న దగ్గర్నుంచీ మీ అబ్బాయికి అన్నం సయించట్లేదు. మేమేమీ మేడలు కట్టడానికి అడగట్లేదు."

"కట్టిన మేడలోనే కూర్చున్నాం కదా వదినా" అంది బుల్లి మెల్లగా.

"అప్పుతో కట్టిన మేడ అది! వాయిదా కట్టలేక నీ వదిన ఉన్న రెండు గాజులూ తీసిచ్చింది, తెలుసా నీకు?" అన్నాడు కొడుకు. "నేనేదో కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టు మాట్లాడతావేం? నా జీతం పెరిగేలోపు కూరగాయల ధర రెండుసార్లు పెరుగుతోంది."

"నేను కాదనలేదు అన్నయ్యా. నీకూ కష్టమే, నాకూ కష్టమే. కాకపోతే ఒక్క తేడా ఉంది. నేను తెల్లారకముందే లేచి పొయ్యి రాజేస్తేగానీ నాకు పూట గడవదు. నీకు మాత్రం నువ్వు నిద్రపోతున్నప్పుడు కూడా ఇల్లు పెరిగింది."

ఆ మాటకు కొడుకు మొహం కందగడ్డలా అయింది.

"అంటే ఏంటి నీ ఉద్దేశం? నేను దొంగిలించానా? సమానంగా కోసింది నేను. తీసుకుంది ఎవరు? నువ్వు! కారే కొంప నాకొద్దని నవ్వింది ఎవరు? నువ్వు! ఆ వేళ నాకు గిన్నెలు పెట్టుకునే ఇల్లు వచ్చిందని నేను ఏడ్చానా? ఇవాళ నువ్వెందుకు ఏడుస్తున్నావ్?"

"ఏడవట్లేదు. దయ చూపించమనీ అడగట్లేదు. ఆలోచించమంటున్నా, అంతే."

ఇద్దరూ తల్లివైపు తిరిగారు. తీర్పు కోసం చిన్నప్పుడు చూసిన చూపే అది. సరిసమానమ్మకు కూతురి కళ్ళ కింద నలుపు కనిపిస్తూనే ఉంది. ఆమెను దగ్గరకు తీసుకోవాలనిపించింది. కానీ పాత పెద్దరికం నోట్లోంచి ముందుకు దూకింది.

"వాడన్నదాంట్లో తప్పేముందే? నువ్వే కదా ఎంచుకున్నావ్."

బుల్లి తల్లిని ఒక్క క్షణం చూసింది. కోపం తెచ్చుకున్నా బాగుండేది.

"అవునమ్మా. నేనే ఎంచుకున్నాను" అని లేచి, మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయింది. అల్లుడు తల వంచుకుని వెనకాలే నడిచాడు.

ఆ పూట నుంచీ సరిసమానమ్మకు మనసు మనసులో లేదు. మర్నాడు పొద్దున రొట్టె తుంచబోతే చేయి వెనక్కి వచ్చింది. బుల్లి మాత్రం ఏమీ జరగనట్టు, "ఊరి చివర ఒక షెడ్డు ఉందిట, చూసొద్దాం, వస్తావా అమ్మా?" అని అడిగింది. ఇద్దరూ బస్సెక్కారు.

ఊరి చివర వరసగా రేకుల షెడ్లు. ఎదురుగా ఖాళీ రోడ్డు, గాలి వీస్తే దుమ్ము. రొట్టె కొనడానికి ఇక్కడికెవరొస్తారో సరిసమానమ్మకు అర్థం కాలేదు. అద్దె విని నోరు వెళ్ళబెట్టింది. బుల్లి ఇప్పుడు కడుతున్న దానికంటే అదేమంత తక్కువ కాదు.

"కాకులకు అమ్ముకోవాలా ఏంటయ్యా ఇక్కడ రొట్టెలు? ఎవరివి ఈ షెడ్లు?" అని కాపలావాణ్ణి అడిగింది.

"ఫోన్ల షోరూములున్నాయి చూడండమ్మా, ఆ ఓనరుగారివే. ఈ వరసంతా ఆయనదే, ఆ వెనకాల వరస కూడా. బజార్లో షాపులు ఖాళీ చేసినవాళ్ళంతా ఇటే వస్తున్నారు" అన్నాడు వాడు గర్వంగా, తనే ఓనరైనట్టు.

సరిసమానమ్మకు లెక్క అర్థమైంది. అన్నకు అద్దె ఇచ్చేదీ ఆయనే, చెల్లెలి దగ్గర అద్దె పుచ్చుకునేదీ ఆయనే. ఆ చేత్తో ఇచ్చింది ఈ చేత్తో లాక్కుంటాడు. మధ్యలో అన్నాచెల్లెళ్ళు మాత్రం మొహాలు చూసుకోవడం మానేస్తారు.

తిరుగు బస్సులో ఆవిడ ఇన్నేళ్ళుగా అడగని ప్రశ్న అడిగింది.

"ఆ డబ్బు ఏం చేశావే బుల్లీ?"

బుల్లి కిటికీలోంచి చూస్తూ చెప్పింది. "ముందు బ్యాంకులోనే ఉంచానమ్మా. ఇల్లు కొనుక్కుందామని. అందులో ఇంకాస్త కూడబెట్టి కలుపుకుని వెళ్ళేసరికి ఇంటి ధర నాలుగడుగులు ముందుకేసేది. సరే, ఇంకో ఏడాది చూద్దామని కూడబెట్టేదాన్ని. మళ్ళీ వెళ్తే అది ఇంకా ముందుకుపోయేది. కదిలిపోయే బస్సు వెనకాల పరిగెత్తినట్టు పరిగెత్తాను. ఆయన రాత్రింబవళ్ళు పనిచేశాడు. చివరికి ఆ డబ్బుకి ఇల్లు రాలేదు, గది కూడా రాలేదు. పొయ్యి వచ్చింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పను? నువ్వు సమానంగానే పంచావు. అన్నయ్య సమానంగానే కోశాడు. నేనే ఎంచుకున్నాను. ఎవరి మీద చెప్పను?"

సరిసమానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సులో అందరూ చూస్తున్నారని కూడా చూసుకోకుండా కూతురి చేయి పట్టుకుని ఏడ్చింది. పిండి పిసికీ పిసికీ, వేడి ట్రేలు ఎత్తీ ఎత్తీ ఆ చేయి గట్టిపడిపోయింది. తన కూతురి చేయి ఇంత గరుకుగా ఉందని ఆవిడకు ఆనాడే తెలిసింది.

ఆ సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి, తల్లి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, ఆ రోజు నేను పెద్ద తెలివిగలదాన్ననుకుని తక్కెట్లో ఒక పక్క మొక్కనీ, ఇంకో పక్క ఐసు గడ్డనీ పెట్టానురా. ముల్లు నడిమధ్యన నిలబడింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టుకున్నాను. తూకం వేసిన పూట సమానమే, నేను కాదనను. మర్నాటి సంగతి నాకు తట్టలేదు."

"అమ్మా, మళ్ళీ మొదలుపెట్టావా? నేనేం తప్పు చేశాను చెప్పు!"

"నువ్వేం చెయ్యలేదురా. అదీ తప్పు చెయ్యలేదు. నాకు మింగుడు పడనిది అదే. తప్పు చేసినవాడుంటే రెండు తిట్టి ఊరుకుందును. ఎవరూ ఏమీ చెయ్యకుండానే ఒకడికి ఇల్లు మూడింతలయింది, ఒకత్తెకు బన్ను గుండీ అంత అయింది. అప్పుడు కోసిందీ పంచిందీ రెండు వస్తువుల్నిరా. వచ్చే కాలాన్ని ఎవరమూ కోయలేదు, పంచలేదు. ఆ కాలమంతా నీ వాటాలోకి వచ్చి పడింది." ఊపిరి తీసుకుని షెడ్ల సంగతి కూడా చెప్పింది. "నీకిచ్చే అద్దె వాడు దాని దగ్గర్నుంచే వసూలు చేసుకుంటాడు. మీరిద్దరూ కొట్టుకుంటే నిండేది వాడి జేబే."

కొడుకు విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు. తలుపు దగ్గర నిలబడి విన్న కోడలు మాత్రం ఊరుకోలేదు.

"బాగానే చెప్పారు అత్తయ్యా. మరి పాపని చదువు మానిపించమంటారా? అది చెప్పండి."

ఒక పిల్ల పళ్ళెంలోంచి తీసి ఇంకో పిల్ల పళ్ళెంలో వేయడం సరిసమానమ్మకు చేతకాదు. లేచి తన గదిలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుంది. కొడుకు వాకిట్లోకి వెళ్ళి, తుడిచిన స్కూటరునే మళ్ళీ తుడుస్తూ ఉండిపోయాడు.

నెలాఖరు రానే వచ్చింది. షోరూం మనిషి టేపు పట్టుకుని వచ్చి దుకాణం కొలుచుకున్నాడు. "ముందు ఈ పొయ్యి పగలగొట్టించాలి" అని బుల్లి ఎదురుగానే అన్నాడు. రేపు సంతకాలు. కండక్టరు వచ్చి, ఆ రోజు బన్ను గురించి ఒక్క హాస్యమూ ఆడకుండా, రెండు బన్నులు కొనుక్కుని వెళ్ళాడు.

మధ్యాహ్నం దుకాణం మూసేసి మొగుడూ పెళ్ళాలు అరలు విప్పుతున్నారు. సరిసమానమ్మ ఒక మూల స్టూలు మీద కూర్చుని, ట్రేలను పాత దుప్పట్లలో చుడుతోంది. చేతికి పని ఉంటే కంటికి నీళ్ళు రావని ఆవిడ ఆశ. అప్పుడే కోడలు ఫ్లాస్కుతో టీ పట్టుకుని దిగింది. ఇవ్వాల్సిన మర్యాద కాబట్టి ఇచ్చేసి వెళ్దామనే వచ్చింది, ఆ సంగతి మొహంలోనే తెలుస్తోంది.

బుల్లి గోడవైపు తిరిగి ఉంది. ఎడమ చేతిలో చిన్న పిండి ముద్ద. అందులోంచి చిటికెడు తుంచి, మేకు తీసిన చిల్లులో కూరి, వేలితో నునుపుగా అద్దుతోంది. ఒకటి అయ్యాక ఇంకొకటి.

"ఏం చేస్తున్నావ్?" అంది కోడలు.

"చిల్లులు పూడుస్తున్నా వదినా. ఉప్పు కలిపాను, చీమలు పట్టవు. ఎండాక సున్నం వేస్తే తెలియను కూడా తెలియదు. వెళ్తూ వెళ్తూ గోడలు పాడు చేసిందని అన్నయ్య అనుకోకూడదు కదా."

కోడలి చేతిలోంచి ఫ్లాస్కు జారింది. సరిసమానమ్మ చప్పున లేచి అందుకోకపోతే కింద పడేదే.

"ఆపు" అంది కోడలు. "ఆపు బుల్లీ, నీకు దణ్ణం పెడతాను."

అలాగే గోడకు ఆనుకుని నేల మీద కూలబడిపోయింది. ఆమె ఏడవగా ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. గాజులు అమ్మిన రోజు కూడా కన్ను తడి కానివ్వని మనిషి.

"మా అమ్మ సబ్బుముక్క నలిపి పెట్టేది" అంది వెక్కిళ్ళ మధ్య. "అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ. ఇంటాయన అడ్వాన్సులో కోసుకుంటాడని. చిల్లులన్నీ పూడ్చి, మేమక్కడ బతికిన గుర్తు ఒక్కటి కూడా లేకుండా తుడిచేసి వచ్చేవాళ్ళం. ఎన్ని ఇళ్ళో! బళ్ళో స్నేహం కుదిరేలోపు సామాను కట్టేసేవాళ్ళు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు నేనేం చేశానో తెలుసా? ఎవర్నీ అడక్కుండా గోడకు మేకు కొట్టాను. దానికి తగిలించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికే కొట్టాను."

బుల్లి పిండి ముద్ద పక్కన పెట్టి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"మళ్ళీ ఆ బతుకు వస్తుందేమో, నా కూతురికి వస్తుందేమో అని నాకెప్పుడూ భయమే. ధరలు పెరిగినప్పుడల్లా అర్ధరాత్రి లేచి లెక్కలు వేసుకుంటాను. ఆ భయంలో ఏం చేస్తున్నానో చూడు! మా అమ్మను ఖాళీ చేయించిన ఇంటాయన ఎలా ఉండేవాడో, ఇవాళ నీకు నేనలా ఉన్నాను." కొంగుతో మొహం తుడుచుకుని పైకి చూసి గట్టిగా పిలిచింది. "ఏమండీ! ఒకసారి కిందికి రండి!"

కొడుకు మెట్ల మలుపులోనే ఉన్నాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. వచ్చి, పూడ్చిన చిల్లుల మీద చేత్తో తడిమాడు. పిండి ఇంకా మెత్తగానే ఉంది.

"అమ్మ మాటలు విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు బుల్లీ" అన్నాడు. "అమ్మ అన్నది నిజం. మేడ నేను కట్టాను, దానికి చేసిన అప్పు నాది. కానీ కింద నేలకు పెరిగిన ధర నా కష్టం కాదు. నేను ఒక్క ఇటుక పేర్చలేదు దానికి. ఈ కింది భాగం నీ పేర రాయిస్తాను. ఇది దయ కాదు. నువ్వు దయ తీసుకోవని నాకు తెలుసు. ఆ రోజు మనం పంచుకోవడం మర్చిపోయిన దాంట్లో నీ వాటా."

"మరి పాప చదువు?" అంది బుల్లి. "దాని నోటి దగ్గరది లాక్కుని నేను సుఖపడతానా అన్నయ్యా? మూడింతలు మాట అటుంచి, ఇప్పుడొచ్చే అద్దె కూడా నీకు రాదు."

అన్న చెల్లెలి మొహం చూశాడు, వదిన నేల చూపులు చూసింది. అంతలో మూలనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఫీజులో సగం పొయ్యి కడుతుంది."

అందరూ గుడ్లప్పగించి అటు చూశారు. అల్లుడు స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నలుగురూ తనవైపే చూస్తుండేసరికి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఈసారి ఆగలేదు.

"అద్దె లేకపోతే మిగులుతుంది. మిగిలినదాంట్లోంచి ఫీజు కడదాం. బన్ను కూడా కాస్త పెద్దది చెయ్యొచ్చు. చిన్న ఉండలు చుట్టాలంటే నాకు సిగ్గుగా ఉంటోంది."

"ఏంటిది, ఈయన ఇంత మాట్లాడతారా!" అంది కోడలు, ఏడుపులోంచే నవ్వేస్తూ. ఆ నవ్వు ముందు బుల్లికి, తర్వాత అన్నకు అంటుకుంది. అన్న వచ్చి బావ భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపటికి ఫోను తీసి షోరూం మనిషితో రెండే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. అవతలివాడు ఇంకా పెంచి ఇస్తానన్నాడుట. "వాళ్ళు పెంచుతూనే ఉంటారు లెండి" అంది కోడలు.

జీవితంలో మొదటిసారి సరిసమానమ్మ తీర్పు చెప్పకుండా పిల్లలు తేల్చుకున్నారు. ఇందులో ఎవరికెంత వచ్చింది, ఎవరికెంత పోయిందని కొలిచి చూడాలన్న ఆలోచనే ఆవిడకు రాలేదు. టీ గ్లాసుల్లో పోసింది. తొందరలో ఒక గ్లాసులో ఎక్కువ, ఒక గ్లాసులో తక్కువ పడింది. ఎవరు ఏది తీసుకున్నారో కూడా ఆవిడ చూసుకోలేదు.

పిండి ధర రేపు తగ్గిపోతుందని ఎవరికీ భ్రమ లేదు. పాప ఫీజులో మిగతా సగానికి ఇంకా కిందా మీదా పడాల్సిందే. వీధిలో పక్క దుకాణం ఇప్పటికే షోరూం చేతిలోకి వెళ్ళింది. అయినా ఆ సాయంత్రం దుప్పట్లు విప్పి ట్రేలు బయటికి తీస్తుంటే అందరి చేతుల్లోనూ హుషారొచ్చింది. అల్లుడు అరలు ఎత్తి పట్టుకున్నాడు. అన్న కొలతలు చూస్తానని అడ్డం పడి అందరిచేతా తిట్లు తిన్నాడు.

బుల్లి కుర్చీ ఎక్కి, మేకును గోడకు ఆనించింది. సుత్తి ఎత్తబోయి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగింది.

"అన్నయ్యా, ఇక్కడ కొట్టొచ్చా?"

అన్న తల అటు తిప్పేసుకున్నాడు. కోడలు కుర్చీ కదలకుండా రెండు చేతులా పట్టుకుని, పైకి చూసింది.

"ఎవర్నడుగుతున్నావే పిచ్చిదానా? గోడ నీదే."

బుల్లి గోడవైపు తిరిగింది. భుజాలు ఒక్కసారి కదిలాయి. సుత్తి పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత, వీధి చివరి దాకా వినపడేటట్టు, గట్టిగా కొట్టింది.